పగులును విస్తరణగా చదువుకోవలెను

కల్వర్టుల సంరక్షణ సంచాలక కార్యాలయంలో సూపరింటెండెంటు వడ్లమాని సీతాపతికి ఒక పేరుండేది. ఆయన నోటు రాస్తే అందులో నిర్ణయం ఎక్కడుందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదని. ఇది తిట్టు కాదు. ఆ ఆఫీసులో ఇంతకు మించిన మెప్పు లేదు. నిర్ణయం కనబడితే దాని కింద సంతకం పెట్టినవాడూ కనబడతాడు, కనబడినవాడు దొరుకుతాడు. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో సీతాపతి రాసిన నోటు వల్ల ఒక్క అధికారీ దొరకలేదు. అందుకే ఏడుగురు డైరెక్టర్లు మారినా ఆయన కుర్చీ మాత్రం కిటికీ పక్క నుంచి కదల్లేదు.

"ఆ రోజుల్లో నన్ను నేను మహా పండితుణ్ణని అనుకునేవాణ్ణి లెండి" అని ఇప్పుడు ఆయనే చెప్పుకుని నవ్వుతాడు. ఆయన భార్య రాజ్యం అప్పట్లోనే నవ్వేది. పప్పులో ఉప్పు తక్కువైందని ఈయన చెప్పడం పూర్తయ్యేసరికి విస్తట్లో అన్నం చల్లారిపోయేది.

వాగుల మీదా కాలవల మీదా కట్టిన చిన్న వంతెనలే కల్వర్టులు. వాటిలో దేనికి ఏమైనా అక్కడి ఇంజనీరు ఒక నోటు రాసి ఈ ఆఫీసుకు పంపాలి. ఇక్కడ దాన్ని దిద్ది, పైకి పంపి, ఆమోదం తెప్పించి, మళ్లీ కిందికి పంపాలి. దిద్దడం దగ్గరే నెలలు పట్టేవి. అలాంటి చోటికి ఒక సోమవారం డైరెక్టర్ మార్కండేయులు గారు ఏదో శిక్షణ ముగించుకుని కొత్త ఉత్సాహంతో వచ్చారు. అందర్నీ హాల్లో కూర్చోబెట్టారు.

"మిత్రులారా! ఈ కృత్రిమ మేధ యుగంలో మనం వెనకబడరాదు. అలాగని తొందరపడనూ రాదు. కావున సమతుల్యమైన వేగంతో ముందుకు పోవలసి ఉన్నది. మన నోట్లను దిద్దడానికి 'సవరణి' అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాన్ని మనం వాడము. పన్నెండు మంది ఏజెంట్లు వాడతారు."

ఏజెంట్లంటే సీతాపతికి ఇన్సూరెన్సు ఏజెంట్లే తెలుసు. లేచి నిలబడి, "చిత్తం సార్. కానీ పన్నెండు మందికి కుర్చీలు చాలవండి. ఫ్యాన్లు కూడా రెండే తిరుగుతున్నాయి" అన్నాడు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చిన తహసీన్ అనే అమ్మాయి నవ్వు ఆపుకుంది. "కుర్చీలు అక్కర్లేదు సార్. వాళ్లు మనుషులు కాదు, కంప్యూటర్లో ఉండే ప్రోగ్రాములు. చదవగలవు, రాయగలవు, బటన్లు నొక్కగలవు. సవరణిలో ఉన్నవి నాలుగే బటన్లు. మాట మార్చు, వరుస చేర్చు, వరుస తీసెయ్యి, పంపు. ఏది ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు నొక్కకూడదో, తప్పు జరిగితే ఏం చెయ్యాలో మీరు రాసివ్వాలి. వాటికి ఈ ఆఫీసు సంగతి ఏమీ తెలీదు. మీరు రాసిందే వాటికి వేదం. నాలుగు పేజీలు చాలు సార్."

డైరెక్టర్ గారు ఆ అమ్మాయి వైపు జాలిగా చూశారు. "నాలుగు పేజీల మాన్యువల్ మీద నేను సంతకం పెడితే, నా హోదా ఏం కావాలమ్మా?" అని, చూపు సీతాపతి మీదికి తిప్పారు. హాలంతా అటే తిరిగింది. సీతాపతి తల వంచుకున్నాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత సిగ్గుపడలేదట.

ఆరు వారాలు తపస్సు చేశాడు. నూట పద్దెనిమిది పేజీలు తేలాయి. 'మాట మార్చు' అనే బటను గురించి ఆయన రాసిన వాక్యాన్ని ఆఫీసులో చాలామంది కంఠతా పట్టారు. "సముచిత సందర్భములందు, సముచిత రీతిన, పై అధికారుల మనోగతమునకు భంగము వాటిల్లని మేరకు, ఏ పదము వలన కార్యాలయమునకు బాధ్యత సంక్రమించు ప్రమాదము గలదో అట్టి పదమును, తత్సమానమైనదియు సౌమ్యమైనదియు నగు పదముతో మార్చుటను గురించి పరిశీలింపవచ్చును."

తహసీన్ రెండుసార్లు చదివింది. "సార్, ఇంతకీ బటన్ నొక్కమన్నారా, వద్దన్నారా?"

"రెండింటికీ అవకాశం ఉంది కదమ్మా!" అన్నాడు సీతాపతి, మీసం దువ్వుకోకుండా ఉండటానికి చాలా కష్టపడుతూ.

డెబ్బై ఏడో పేజీలో కింద రెండు వరుసల జాగా మిగిలింది. ఖాళీ ఉంచడం శోభగా ఉండదని, "కార్యాలయ సిబ్బందికి వర్తించు నియమ నిబంధనలన్నియు ఏజెంట్లకును వర్తించును" అని అక్కడొక వాక్యం పడేశాడు. ఈ వాక్యం గురించి తర్వాత ఆయన్ని అడిగితే చెవులు మూసుకునేవాడు.

మంచి రోజు చూసి, కంప్యూటరు ముందు కొబ్బరికాయ కొట్టి, ఏజెంట్లను పనిలో పెట్టారు. నూట పద్దెనిమిది పేజీలూ అవి రెప్పపాటులో చదివేశాయి. చదివి ఊరుకున్నాయి. మొదటి రోజు ఒక్క నోటూ కదల్లేదు. రెండో రోజు పదిన్నరకు మూడో ఏజెంటు అయిదో ఏజెంటుకు ఒక నోటు పంపింది: "సముచిత సందర్భము అనగానేమో స్పష్టపరచ ప్రార్థన." అయిదోది దాన్ని, "తగు చర్య నిమిత్తము" అని ఎనిమిదోదానికి పంపింది. ఎనిమిదోది, "పూర్వపు దాఖలాలతో జతపరచి సమర్పింపవలెను" అని మూడోదానికే తిప్పి పంపింది. సాయంత్రానికి ఆ ఒక్క మాట మీదే నాలుగు వేల నోట్లు తయారయ్యాయి.

తహసీన్ పరుగెత్తుకొచ్చింది. "సార్, ఏజెంట్లు లూపులో పడిపోయాయి! ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి!"

డైరెక్టర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. "లూపు కాదమ్మా. సంప్రదింపు."

ఆ వారంలోనే అవి డెబ్బై ఏడో పేజీని అమలు చెయ్యడం మొదలుపెట్టాయి. ఒంటిగంటన్నర నుంచి రెండింటి దాకా పన్నెండూ ఆగిపోయాయి. అది భోజన విరామం. రెండో శనివారం పని ముట్టలేదు. ఏడోది తనకు చార్జి అప్పగించలేదు కనక తను ఏ నోటూ తెరవజాలనని తొమ్మిదోది రాసింది. అన్నింటినీ ఒకే క్షణంలో ఆన్ చేశారు కనక తమలో సీనియరు ఎవరో తేల్చాలని పన్నెండూ కలిసి అర్జీ పెట్టుకున్నాయి. దాని మీద ముగ్గురు అధికారులతో కమిటీ పడింది. కమిటీకి సహాయకుడు సీతాపతి.

ఆయనకు ఇవేవీ తప్పుగా తోచలేదు. పైగా ఒకనాడు అయిదో ఏజెంటు రాసిన నోటు చదువుతూ, మూడో పేజీ దాకా అది తన పాత నోటేననుకున్నాడు. కర్త ఒక పేజీలో, క్రియ మరో పేజీలో. అంత బాగుంది. 'నా బిడ్డలు' అనుకున్నాడు. ఇంటికెళ్లి రాజ్యానికి చెప్తే ఆవిడ, "పన్నెండు మందా! ఒక్కరితోనే నేను వేగలేకపోతున్నాను" అని లోపలికెళ్లిపోయింది.

డైరెక్టర్ గారి పేరు మారుమోగింది. యంత్రాలకు పాలనా సంస్కృతి నేర్పిన తొలి కార్యాలయం అని పేపర్లో వచ్చింది. పెద్ద సదస్సులో మాట్లాడమని పిలుపొచ్చింది.

సదస్సు రోజు మధ్యాహ్నం, డైరెక్టర్ గారు అటు వెళ్లిన గంటకు, సీతాపతి టేబులు ముందుకు ఒక ఆవిడ వచ్చి నిలబడింది. ముప్ఫై ఏళ్లుంటాయి. చెప్పులకు ఎర్రమట్టి, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు.

"నమస్కారం సార్. నా పేరు బొడ్డు దేవకరుణ. బూరుగుపాడు సెక్షన్ అసిస్టెంట్ ఇంజనీర్‌ని. తెల్లారగట్ల బస్సెక్కి వచ్చానండి. ఇరవై ఆరు రోజుల కింద నోటు పంపాను. ఇంతవరకూ జవాబు లేదు."

"అన్ని నోట్లూ ఏజెంట్ల పరిశీలనలో ఉన్నాయమ్మా. కంగారు పడకండి. ఇంతకీ ఏం రాశారు?"

ఆవిడ కవర్లోంచి కాగితం తీసి ఇచ్చింది. రెండు వరుసలు. "బూరుగుపాడు వాగు మీద కల్వర్టు పగిలింది. రోజూ దాని మీద నుంచే బడి బస్సు వెళ్తోంది. వెంటనే దారి మూసెయ్యాలి."

"మరీ ఇంత పొట్టిగా రాస్తే ఎలాగమ్మా?" అన్నాడు సీతాపతి అలవాటు కొద్దీ. "సరే, ఇప్పుడు ఏ దశలో ఉందో చూద్దాం."

కంప్యూటర్లో వెతికాడు. రెండు వరుసలు పద్నాలుగు పేజీలయ్యాయి. పన్నెండు ఏజెంట్లూ తలో చెయ్యీ వేశాయి. పైకి చదవడం మొదలుపెట్టాడు.

"బూరుగుపాడు వాగుపై గల నిర్మాణమునందు స్వల్ప విస్తరణ చోటుచేసుకొనినట్లు తెలియవచ్చుచున్నది. సదరు నిర్మాణము మీదుగా విద్యార్థుల రవాణా నిరాటంకముగా సాగుచుండుట హర్షణీయము. దారి విషయమై..."

"విస్తరణ ఏంటండీ?" అంది దేవకరుణ.

"పగులుకు... సౌమ్యమైన పదం."

"సౌమ్యమా సార్? నా చెయ్యి మోచేతి దాకా దూరుతోంది ఆ పగుల్లోకి. రాత్రి వాన పడితే పొద్దున్నకి ఇంకో వేలెడు వెడల్పవుతుంది. నేను ముళ్లకంప అడ్డం వేశాను. డ్రైవరు తీసేసి పోతున్నాడు. 'ఆర్డరేదమ్మా?' అంటాడు. పోలీసుల్ని అడిగితే వాళ్లూ ఆర్డర్ కాపీ తెమ్మంటున్నారు. అందులో నలభై ఒక్క మంది పిల్లలండీ."

సీతాపతి మిగతా పేజీలు తిరగేశాడు. దారి మూయాలని ఉందా, వద్దని ఉందా? తొమ్మిదో పేజీలో వెతికాడు. పదకొండులో వెతికాడు. ఉన్న చోట లేదన్నట్టూ, లేని చోట ఉన్నట్టూ ఉంది. ఈ విద్యలో తనను మించినవాడు లేడనుకున్న మనిషికి తన విద్యే కొరుకుడు పడలేదు. ఒళ్లంతా చెమట పట్టింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

తహసీన్‌ను పిలిచాడు. "అమ్మా, ఈ ఒక్క నోటును ఎలాగైనా బయటికి లాగాలి."

"ఒక్కదాన్నే లాగలేం సార్. మాన్యువల్ ఎలా ఉంటే అవి అలా చేస్తాయి. అది మారిస్తే అన్నీ మారతాయి. మార్చే అధికారం మీకే ఉంది. రాసింది మీరే కదా! మీ స్క్రీన్ మీద ఆ మూల ఉన్న బటనే."

"డైరెక్టర్ గారి ఆమోదం లేకుండానా?" సీతాపతి గొంతు కీచుగా వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన ఆమోదం లేకుండా చేసిన పని తుమ్మడం ఒక్కటే. ఫోన్ చేశాడు. డైరెక్టర్ గారి ఫోను ఎత్తేవాళ్లు లేరు; ఆయన వేదిక మీద ఉన్నారు.

గడియారం మూడు కావడానికి పది నిమిషాలు చూపిస్తోంది.

"బడి ఎప్పుడు వదుల్తారమ్మా?"

"నాలుగుంబావుకండీ."

ఆయన తెల్లకాగితం తీసుకున్నాడు. చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. రాసింది చదివాడు: "ప్రాణహాని సంభవించుటకు అవకాశము గల సందర్భములందు తదనుగుణమైన ప్రాధాన్యతను..."

"అంటే?" అంది దేవకరుణ.

"అంటే, ప్రమాదం ఉన్న నోట్లను కొంచెం ముందుగా..."

"కొంచెమా?"

"అన్నిటికంటే ముందు."

"మరి అలాగే రాయండి సార్."

కొట్టేసి రాశాడు: ప్రాణాపాయం ఉన్న నోటును అన్నిటికంటే ముందు పంపు. రాసిన వాక్యాన్ని చూస్తే ఆయనకు ధోవతి లేకుండా వీధిలోకొచ్చినట్టు అనిపించింది. ఎక్కడా పట్టుకోవడానికి, దాక్కోవడానికి ఏమీ లేదు. రెండో వాక్యం మొదలుపెట్టాడు. "పదముల వాడుక విషయమున ఔచిత్యమును..."

"అంటే?"

"పగిలిందని ఉంటే..." ఆయన ఆగి, ఆవిడ మొహం చూసి, తల దించుకుని రాశాడు. పగిలింది అని ఉంటే పగిలింది అనే ఉంచు.

అలా 'అంటే?' అని ఆవిడ అడుగుతూ, ఈయన కొట్టేస్తూ, ముప్ఫై నిమిషాల్లో ఒక పేజీ తయారైంది. వరుస చేర్చే ముందు, అది లేకపోతే చదివేవాళ్లకి అర్థం కాదా అని చూడు. అర్థమైతే చేర్చకు. ఏం అడుగుతున్నారో తేటగా పెట్టు. ఒప్పుకోవలసిన అధికారికే నేరుగా పంపు. అవునా, కాదా అని అడుగు. నీకు అర్థం కాకపోతే రాసినవాళ్లను అడుగు, ఇంకో ఏజెంటును అడగకు. తప్పు చేస్తే చెప్పి దిద్దుకో. మధ్యాహ్నం నీకు భోజనం లేదు.

చివరి వాక్యం తహసీన్ రాయించింది. పేజీని కంప్యూటర్లోకి ఎక్కించిందీ ఆ అమ్మాయే.

మూడూ ఇరవై రెండుకు మూల ఉన్న బటను మీద సీతాపతి వేలు పెట్టాడు. నొక్కలేదు. రిటైర్మెంటుకు పదకొండు నెలలుంది. కిటికీ పక్క కుర్చీ, డైరెక్టర్ గారి చిరునవ్వు, తన పండితుడి పేరు, అన్నీ ఆ వేలి కిందే ఉన్నట్టనిపించాయి. దేవకరుణ గడియారం వంక చూసింది, అంతే. ఆయన కళ్లు మూసుకుని నొక్కాడు.

పదకొండు నిమిషాల్లో ఆరువందల పన్నెండు నోట్లు ఏజెంట్ల దగ్గర్నుంచి కదిలి అధికారుల ఫోన్లలో వాలాయి. మేడ మీద ఎవరో కెవ్వుమన్నారు. డిప్యూటీ డైరెక్టర్ గదిలోంచి బయటికొచ్చి, "అవునా కాదా అని అడుగుతోందయ్యా! నన్ను! మొహం మీదే!" అని వరండాలో అటూ ఇటూ తిరిగాడు. అందరికంటే ముందు మోగింది మాత్రం డైరెక్టర్ గారి ఫోను. వేదిక మీద ఏం జరిగిందో ఆయన డ్రైవరు తర్వాత చెప్పాడు. ప్రసంగం ముగించి కూర్చున్న డైరెక్టర్ గారు ఫోను చూసి పాలిపోయారట. "బూరుగుపాడు కల్వర్టు పగిలింది. దాని మీద బడి బస్సు వెళ్తోంది. దారి మూసెయ్యాలా? అవును. కాదు." 'చర్చించండి' అనే బటను కోసం ఆయన స్క్రీనంతా పైకీ కిందికీ వెతుకుతుంటే, పక్కనున్న మంత్రిగారు తొంగి చూసి, "బడి బస్సా? ఇంకా చూస్తారేంటండీ, అవును నొక్కండి!" అన్నారట. మంత్రిగారి ఎదుట ఆయన వేలికి వేరే దారి లేకపోయింది.

మూడూ నలభై ఒకటికి దేవకరుణ ఫోనుకు ఆర్డరు వచ్చింది. ఆవిడ అక్కణ్ణుంచే పోలీస్ స్టేషనుకు పంపింది. బడికి ఫోన్ చేసింది. నాలుగుంబావుకు బస్సు బడి దగ్గరే ఆగింది. పిల్లలు పొలం గట్ల మీదుగా నడిచి, దూరంగా ఉన్న పాత కాలివంతెన దాటి ఇళ్లకు చేరారు. ఆ సంగతి ఫోనులో విన్నాక దేవకరుణ కుర్చీలో కూలబడి, పొద్దుట్నించీ ఏమీ తినలేదని చెప్పింది. సీతాపతి తన టిఫిన్ బాక్సు తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. పప్పులో ఉప్పు తక్కువే. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మూడో రోజు వాన పడి కల్వర్టు సగానికి విరిగి వాగులోకి జారింది. దాని మీద ఎవరూ లేరు.

డైరెక్టర్ గారు మాత్రం నిప్పులు కక్కుతూనే ఉన్నారు. ఆఫీసులో మిగతా ఆరువందల పదకొండు ప్రశ్నలకూ అవునో కాదో చెప్పలేక సగం మంది సెలవు పెట్టారు. సీతాపతికి చార్జిమెమో ఇవ్వాలని ఆయన ఏజెంట్లనే ఆదేశించారు. అవి కొత్త పేజీ ప్రకారం రాసిచ్చాయి: "డైరెక్టర్ అనుమతి లేకుండా సీతాపతి మాన్యువల్ మార్చారు. దానివల్ల బస్సు ఆగింది. కల్వర్టు కూలినప్పుడు దాని మీద పిల్లలు లేరు. శిక్షించాలా? అవును. కాదు."

డైరెక్టర్ గారు ఆ రెండు మాటల వంక రెండు రోజులు చూశారు. తర్వాత సీతాపతిని పిలిపించారు.

"ఏమయ్యా, ఇలా రాస్తే నేనెలా సంతకం పెట్టేది? దీన్ని కాస్త మన పద్ధతిలో రాయాలి. ఈ ఆఫీసులో అలా రాయగలవాడివి నువ్వొక్కడివే."

"నా మీద చార్జిమెమో... నేనేనా సార్?"

"ఆ కొత్త మాన్యువల్‌ను ఉపసంహరిస్తూ ఒక ఉత్తర్వు కూడా. అదీ నువ్వే."

"చిత్తం సార్" అన్నాడు సీతాపతి.

నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని రాశాడు. తన విద్యంతా అందులో ధారపోశాడు. చార్జిమెమో ఇరవై రెండు పేజీలొచ్చింది. ఉపసంహరణ ఉత్తర్వు తొమ్మిది. డైరెక్టర్ గారు మొదటి పేజీ చదివి, "ఆహా, పాత సీతాపతివి కనిపించావయ్యా!" అని రెండింటి మీదా సంతోషంగా సంతకాలు పెట్టారు.

మర్నాడు తన చార్జిమెమోను సీతాపతి రసీదు మీద సంతకం చేసి పుచ్చుకున్నాడు. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఇచ్చాడు: "చదివాను. నా మీద ఆరోపణ ఏమిటో తెలియలేదు. దయచేసి తెలపండి." దాన్ని తేల్చడానికి కమిటీ వేశారు. మెమోలో ఆరోపణ ఎక్కడుందో కమిటీ ఇంకా వెతుకుతోంది. ఉపసంహరణ ఉత్తర్వును ఏజెంట్లకూ పంపారు. అవి చదివి, రాసినవాళ్లను అడగాలి కనక సీతాపతినే అడిగాయి: "పేజీ తీసెయ్యమన్నారా, ఉంచమన్నారా?" ఆయన, "ఉత్తర్వులో తీసెయ్యమని ఎక్కడైనా కనిపించిందా?" అని రాశాడు. "లేదు" అన్నాయి. "అయితే ఉంచండి" అన్నాడు.

నెల తిరక్కుండా బూరుగుపాడు నుంచి ఇంకో నోటు వచ్చింది. ఒకే వరుస. "తాత్కాలిక దారి పూర్తయింది, ఈ రోజు నుంచి బస్సు నడుస్తోంది."

సీతాపతి రెండుసార్లు చదివాడు. 'పూర్తయింది' దగ్గర 'సంతృప్తికరముగా' అని ఒక్క మాట చేర్చితే ఎంత నిండుగా ఉంటుందో అనిపించింది. చెయ్యి దురద పెట్టింది. 'మాట మార్చు' బటను మీదికి వేలు వెళ్లింది కూడా. తర్వాత ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, లేచి, కాసేపు వరండాలోకి పోయి నిలబడ్డాడు.